ముద్ర పైన చరణం

గద్వాల,
జూన్ నెల, తొలివాన పడ్డ మర్నాడు

మా బావ, ప్రజాకవి, పల్లెపాటల పులి, మా అక్క రేణుకమ్మ మొగుడు అయిన ఘణపురం ఎల్లన్నకు బామ్మర్ది మద్దిలేటి దండం పెట్టి రాసేది.

నీ కవరు అందింది. గొంతులో కాయ లేచిందనీ, హైదరాబాదు దవాఖానలో కోశారనీ, ఆర్నెల్లు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నారనీ, ఈ సంగతి పొరపాటున కూడా బయటికి పొక్కొద్దనీ రాశావు. మా అక్క పాతికేళ్ల నుంచి నిన్ను నోరు మూసుకొమ్మంటే వినలేదు. అదే మాట డాక్టరు ఇంగ్లీషులో చెబితే విన్నావు.

నవ్వుతున్నానని కోపం చేయకు. కవరు చదివాక మగ్గం దగ్గర కూర్చున్నానన్న మాటే గానీ ఒక్క పోగు వేయలేదు. పక్కింటి కౌసల్యమ్మకు నా మగ్గం చప్పుడు వినబడకపోతే పరేషాన్. గోడ అవతలి నుంచి కేకేసింది. "ఏందిరా మద్దిలేటీ, సప్పుడు లేదు. సచ్చినవా?"

"సచ్చిన. దినాలకు రా, బూరెలు పెడత" అన్నాను.

ఫోను చేద్దామంటే నీ ఫోను జగదీశ్ చేతిలో ఉందట. నీ ప్రోగ్రాములు కుదిర్చేదీ వాడే, నీ పాటల ఛానెల్ నడిపేదీ వాడే. అందులో ఏం రాసినా ముందు వాడే చదువుతాడు. మంచిదే. పోస్టాఫీసు వాళ్లకు కూడా జర పని ఉండాలి కదా.

ఇక అసలు సంగతి. శ్రావణంలో ఖిల్లా ఘణపూర్‌లో, నీ సొంత ఊళ్లో, నీకు సన్మానం ఉందనీ, పాడకుండా ఎట్లా తప్పించుకోవాలో తోచడం లేదనీ రాశావు. తప్పించుకోవడం ఎందుకు? నీ గొంతు ఒకటి చెడిపోతే నా దగ్గర ఇంకొకటి ఉంది. మరిచిపోయావా? నీ పెళ్లినాడు నాకు మీసం కూడా రాలేదు. మా నాయన మగ్గం గుంతలో దిగి, పైన చాప కప్పుకొని, అచ్చం నీ గొంతుతో "రేణుకా, కాళ్లు గుంజుతున్నయి, జర పిసుకు" అన్నాను. పెద్దమనుషులంతా కొత్త పెళ్లికొడుక్కు సిగ్గు లేదని నిన్ను తిట్టారు. నువ్వు పందిట్లో మూగవాడిలాగా దిక్కులు చూశావు. ఆ తర్వాత మా నాయన కట్టె పట్టుకొని ఊరంతా వెతికితే నేను ఆ గుంతలోనే నిద్రపోయాను.

ఇప్పుడు కూడా అంతే. నువ్వు ముందర కూర్చొని పెదాలు కదిలించు. నేను తెర వెనక కూర్చొని పాడతాను. బుర్రలేని జనాలకు నీ బుర్రమీసాలు కనబడితే చాలు.

అక్కకు చెప్పు, తమ్ముడు కారం తగ్గించాడని. అబద్ధమే అయినా చెప్పు.

మద్దిలేటి


వనపర్తి,
ఆషాఢం చివర

మద్దిలేటికి ఎల్లన్న దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివి మీ అక్క చాలా రోజులకు నవ్వింది. నేను నవ్వకూడదు, లోపల కుట్లు లాగుతాయి. పలక మీద సుద్దముక్కతో "నవ్వాను" అని రాసి చూపించాను.

నీ మాటకు ఒప్పుకుంటున్నాను. భయపడి ఒప్పుకుంటున్నానని కూడా రాస్తున్నాను, ఎందుకంటే నీకు రాసేటప్పుడు వేషాలు కుదరవు. నేను ఘణపురం నుంచి మీ నాయన దగ్గరికి మగ్గం పనికి వచ్చిన పోరణ్ని. కాళ్ల కింద పలకలు ఆడుతుంటే ఆ చప్పుడుకు మాటలు వాటంతటవే కుదిరేవి. అక్కడ పుట్టిన పాట మోట బావుల కాడికి పోయింది, బస్సులెక్కింది, క్యాసెట్లలోకి ఎక్కింది, లక్షమంది కూర్చున్న సభల్లో మైకు ముందు నిలబడింది. ఈ ఇంట్లో గోడల నిండా ఫొటోలున్నాయి, బీరువా నిండా శాలువలున్నాయి. గొంతు పోయిందని తెలిసిన రోజు ఇవన్నీ చనిపోయినవాడి సామాన్లే. జగదీశ్ ఆ మాట మొహం మీదే అన్నాడు. "బయటికి తెలిస్తే ఇగ నిన్నెవరు పిలుస్తరన్నా?"

ఒక్క షరతు. మీ నాయన భజనలో చెప్పింది గుర్తు తెచ్చుకో. పాట చివర కవి పేరు వచ్చే మాట ముద్ర. ముద్ర కంటే పైన ఏం పాడినా అది ఆ పేరుగలవాడి మాటే. ఎవరు కలిపారు, ఎందుకు కలిపారు అని అడగరు. పేరు పలికితే ఒప్పుకున్నట్టే. మన పాలమూరులో పాట వినే ముసలివాళ్లకు ఇది బాండు పేపరు కంటే ఎక్కువ. అందుకని రాసింది రాసినట్టు పాడు. నీ చేతి ఉప్పు, కారం వద్దు.

పాట దీనితో పంపుతున్నాను. ఖిల్లా గుట్ట జోలికి ఎవరూ పోరు గానీ, ఊరి వెనక చిన్న గుట్ట ఉంది చూడు, దాని మీద రాశాను.

*గుట్ట మీద గువ్వలేదు గూడు లేదమ్మా*
*గుట్ట కింద బావిలోన ఊట లేదమ్మా*
*కన్నదే చెప్పినాడు ఘణపురం ఎల్లన్న*
*విన్నవాళ్లె సాచ్చెము వినరే ఓయమ్మా*

చివరి రెండు పంక్తులే ముద్ర. ముందు వరుసలో రాఘవేందర్ కూర్చుంటాడు. సన్మానం పెట్టించింది ఆయనే. ఆ గుట్టను పేల్చి కంకర చేసే క్రషర్ కూడా ఆయనదే. ఆయన ముందర గుట్ట పాట పాడటమే ఎక్కువ. అంతకు మించి పోవద్దు.

ఎల్లన్న


గద్వాల,
శ్రావణం, సన్మానం అయిన మూడోనాడు

బావకు మద్దిలేటి రాసేది.

ముందు ఆ మొహం మామూలుగా పెట్టి చదువు. స్టేజీ దిగి కారెక్కేటప్పుడు నువ్వు నా వైపు చూసిన చూపు ఇంకా నా వీపు మీద మండుతోంది.

ఎంత బాగా జరిగింది చెప్పు. బడి ఆవరణ నిండిపోయింది. స్టేజీ పక్క తెర వెనక బకెట్టు బోర్లించుకొని, మైకు ఒళ్లో పెట్టుకొని నేను. తెర ముందర గజ్జెలు, గొంగడితో నువ్వు. డప్పు మీద మన జాన్. వాడు ఇరవై ఏళ్ల నుంచి నీ పక్కన కొడుతున్నాడు, వాడికి కూడా తెలియలేదనుకుంటా. తెరకు చిన్న చిల్లు పెట్టుకొని చూస్తున్నాను. ముసలమ్మలు కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు. వాళ్లను ఏడిపించింది నేను, దండాలు నీకు. నేసేది ఒకరు, పేరు ఇంకొకరికి, మా ఇంట్లో పుట్టి అలవాటైన బతుకే.

ఇక ఆ చరణం సంగతి. నీ పాట ఎన్నిసార్లు చదివినా బుజ్జమ్మ ఎక్కడా లేదు బావా. మాఘంలో పల్లికాయ తెంపుతుంటే గుట్ట మీది నుంచి ఎగిరి వచ్చిన రాయి నెత్తిన పడి చచ్చిపోయిన ఆడమనిషి. కాగితాల్లో ఎండదెబ్బ అని రాసుకున్నారట. మాఘంలో ఎండదెబ్బ. ఇంత మంచి పరాచకం నాకు కూడా ఎప్పుడూ తట్టలేదు. నువ్వు గువ్వకు ఒక చరణం ఇచ్చావు, ఊటకు ఒకటి ఇచ్చావు, ఆమెకు ఇవ్వలేదు. అందుకని నేను ఇచ్చాను.

*పల్లికాయ తెంపబోయిన బుజ్జమ్మ పైన*
*పడ్డ రాయి ఎవ్వరిదో రాఘవేందరన్నా*
*రాయికైతె నోరు లేదు, నోరున్నది నీకు*
*రవ్వంత నువ్వే జెప్పు రాఘవేందరన్నా*

నీ పెదాలకు ఈ మాటలు తెలియవు కదా. చిల్లులోంచి చూస్తే నీ మూతి తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది. ఒక్క లిప్త. గబుక్కున కండువా మూతికి అడ్డం పెట్టుకొని ఏడుస్తున్నట్టు తల వంచావు. శభాష్ అనుకున్నాను. జాన్ డప్పు ఆపలేదు. అప్పుడు నేను ముద్ర ఎత్తుకున్నాను. నీ పేరు వచ్చేచోట, ఈ మాట నాదేనని నువ్వు చెయ్యి పైకి లేపవచ్చు, లేపకపోవచ్చు. లేపావు. నేను చూశాను బావా, నిండుగా లేపావు.

రాఘవేందర్ నువ్వు దిగిపోయాక స్టేజీ ఎక్కాడు. ఆయన మెడలో వేసిన చామంతి దండ తీసి, నువ్వు కూర్చున్న కుర్చీ వీపుకు వేలాడేసి, సర్దాడు. రెండు వైపులా సమంగా వచ్చేట్టు సర్దాడు. గోడకున్న ఫొటోకు వేసినట్టుంది. జగదీశ్ మొహం తెల్లబడింది. నాకు నవ్వొచ్చింది. అప్పుడు వచ్చింది, ఇంటికి వచ్చాక రాలేదు.

కోపం ఉంటే తిట్టి రాయి. తిట్లయినా పరవాలేదు, రాయి.

మద్దిలేటి


వనపర్తి,
భాద్రపదం

మద్దిలేటికి.

తిట్టను. నాకు ఓపిక లేదు.

బుజ్జమ్మ పోయిన రోజు నేను ఆ ఇంటికి వెళ్లాను. ఆమె పెనిమిటి కురుమూర్తి నన్ను పశువుల కొట్టం వెనక్కు తీసుకుపోయాడు. "అన్నా, నువ్వు పాట కడతవని తెలుసు. నా పెండ్లాం పేరు పెట్టకు. నేను ఆ క్రషర్లనే పనిచేస్త. ఇద్దరు ఆడపిల్లలున్నరు" అని నా రెండు చేతులు పట్టుకున్నాడు. అందుకే పెట్టలేదు. నీకు రాయకపోవడం నా తప్పు అనుకో, అడగకపోవడం నీ తప్పు అనుకో. ఇప్పుడు ఏది అనుకున్నా ఒకటే.

కురుమూర్తి కనబడటం లేదు. సన్మానం అయిన వారానికి పనికి పోయినవాడు తిరిగి రాలేదు. పిల్లలు అమ్మమ్మ దగ్గరున్నారు. ఎవరిని అడిగినా "బొంబాయి పోయిండంట" అంటున్నారు. మన దిక్కు మనుషులు బొంబాయికి పోవడం కొత్త కాదు కదా, అందుకని ఇంకో మాట ఎవరూ అడగరు. వాడి చెప్పులు మాత్రం ఇంటి గడపలోనే ఉన్నాయట. మీ అక్క పోయి చూసి వచ్చింది.

మా ఇంటి ఎదురుగా ఒక జీపు వచ్చి ఆగుతోంది. ఎవరూ దిగరు. పొద్దున వస్తుంది, అన్నాల వేళకు పోతుంది. నిన్న మీ అక్క ధైర్యం చేసి పోయి "ఎవరు కావాలె నాయనా?" అని అడిగింది. లోపలున్నవాడు "ఎవరొద్దమ్మా. ఎల్లన్న పాట వినొస్తదేమోనని ఆగినం" అన్నాడట.

ఆ చరణం నేను రాయలేదు అని ఒక్క మాట చెబితే సరిపోతుందని జగదీశ్ అంటున్నాడు. చెప్పను. ముద్ర పైన ఉంది, చెయ్యి లేపాను, అది నాదే. పైగా చెప్పడానికి ఏముంది నా దగ్గర? గొంతు ఉంటే కదా కాదనేది. నేను పాడలేదని రుజువు చేయాలంటే ముందు నేను పాడలేనని ఒప్పుకోవాలి.

నువ్వు ఇటు రాకు. ఏ పనీ చేయకు. ఈ మాట రెండుసార్లు చదువుకో.

ఎల్లన్న


గద్వాల,
పెత్రమాస ముందర, భాద్రపదం చివర

బావకు మద్దిలేటి రాసేది.

రెండుసార్లు చదువుకున్నాను. మూడోసారి చదివేలోపే వనపర్తి బస్సెక్కాను. మీ ఇంటికి రాలేదు. రాఘవేందర్ ఆఫీసుకు పోయాను. చేసింది నేను, జీపు ఆగేది నీ ఇంటి ముందర. ఇది ఏ ఊరి న్యాయం?

ఏసీ గది. గోడకు దేవుళ్లంతా వరుసగా ఉన్నారు. నన్ను చూసి "ఎవరన్నా నువ్వు?" అన్నాడు, మర్యాదగానే.

"గద్వాల మద్దిలేటి. మగ్గం నేస్త."

"చీరెలు తెచ్చినవా? మా ఆడోళ్లు అడుగుతుండ్రు."

"చీరెలు కాదన్నా. ఘణపురంల ఆ చరణం పాడింది నేను. మా బావకు ఏం తెల్వదు. ఏమన్న ఉంటే నాతోని చూసుకో."

ఆయన డ్రైవర్ శ్రీనాథ్‌ను పిలిచాడు. "ఇగో, ఈయన ఎల్లన్ననట."

శ్రీనాథ్ నన్ను చూసి పకపకా నవ్వాడు. "ఈయనా? ఈయన నాకు ఎరుకే అన్నా. తహసిల్దారు గొంతుతోని ఫోన్ చేసి ఊరందర్ని ఆఫీసు కాడికి పిలిపించిండు ఒకపారి. పొద్దుగూకులు గివే పనులు. బావను కాపాడనీకి కొత్త వేషం తెచ్చిండు."

బావా, నలభై ఏళ్లు అబద్ధం చెబితే నమ్మారు. ఒక్క నిజం చెప్పడానికి బస్సు టికెట్టు పెట్టుకొని పోతే నవ్వారు. ఇక ఏం చేయను? పాడాను. అక్కడే, సోఫాలో కూర్చొని, నీ గొంతుతో, ఆ నాలుగు పంక్తులూ పాడాను.

శ్రీనాథ్ నవ్వు ఆగిపోయింది. రాఘవేందర్ చాయ్ కప్పు కింద పెట్టాడు.

"అంటే ఎల్లన్నకు గొంతు లేదు" అన్నాడు నెమ్మదిగా.

అప్పుడు తెలిసింది నాకు, నేను ఆయన చేతికి ఏం ఇచ్చి కూర్చున్నానో. నువ్వు ఇన్ని నెలలు దాచుకున్నదాన్ని చాయ్ చల్లారేలోపు ఇచ్చేశాను.

"మంచిగైంది మద్దిలేటన్నా నువ్వొచ్చింది. పెద్దాయన మీద చెయ్యేస్తే జనం ఊకుంటరా? నాకు గదే పరేషాన్ ఉండె. దసరా అయినంక నాగర్‌కర్నూల్ల మీటింగ్ పెడుత. ఎల్లన్నకు జ్వరం, వ్యానుల కూసోని పాడుతుండు అని చెప్త. నువ్వు పాడాలె. బుజ్జమ్మ మీద పడ్డ రాయి దేవుడేసింది, నేను తెల్వక తప్పు పాడిన, రాఘవేందరన్న నన్ను మన్నించాలె అని. మా ఆఫీసుల కాగితాలు రాసే సారుతోని పాట రాపిస్త. నువ్వు గొంతియ్యి చాలు."

"ఇయ్యకుంటే?"

"ఇస్తవ్. మీ బావ ఇంట్ల మీ బావ ఉండాలె గద." కప్పు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "బొంబాయికి మస్తుమంది పోతరన్నా. కురుమూర్తి పోలే?"

ఒప్పుకొని వచ్చాను. ఇంకేం చేయమంటావు? ఒక్క పాట. నాలుగు అబద్ధాలు. నా జీవితంలో ఇది ఎంత? నువ్వు బతికి ఉంటే తర్వాత కూర్చొని తీరిగ్గా తిట్టుకుందువు.

అక్కకు ఈ ఉత్తరం చూపించకు.

మద్దిలేటి


నాగర్‌కర్నూలు,
బతుకమ్మ పండుగ నడుమ

మద్దిలేటికి.

మీ అక్కకు చూపించాను. ఆమె చదివి, బట్టలు సర్దింది. మేము ఇప్పుడు జాన్ ఇంట్లో ఉన్నాం. వెనక గుమ్మంలోంచి వచ్చాం. జాన్‌కు నా గొంతు సంగతి మొత్తం చెప్పాను, అంటే రాసి చూపాను. "నాకు ఆ పొద్దే ఎరుకైంది. నువ్వు మూడో చరణం కాడ దగ్గుతవు. ఆ పొద్దు దగ్గలేదు" అన్నాడు. అయినా ఎవరితోనూ అనలేదు.

ఒక సంగతి రాయాలి. నిన్న సందు చివర ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. కిటికీ పక్కన కూర్చొని వింటున్నాను. ఒక ముసలామె గొంతెత్తి నీ చరణం అందుకుంది. పడ్డ రాయి ఎవ్వరిదో ఉయ్యాలో, రాఘవేందరన్నా ఉయ్యాలో. అందరూ చప్పట్లు కొడుతూ తిరిగి అన్నారు. ఘణపురంలో మొదలైందట, వనపర్తి దాటి ఇక్కడిదాకా వచ్చింది. పాతికేళ్లలో నేను రాసిన పాట ఒక్కటి కూడా ఇట్లా నా ప్రమేయం లేకుండా నడిచి పోలేదు. చివర నా పేరు వచ్చింది. నేను కిటికీ మూశాను. సంతోషమో భయమో నాకే తెలియలేదు.

అందుకే చెబుతున్నాను. నువ్వు ఆ మన్నింపు పాట పాడొద్దు. గొంతు నీది కావచ్చు, పేరు నాది. రాయి దేవుడు వేశాడని నా ముద్ర పైన నువ్వు పాడితే అది నా మాట అయిపోతుంది. అప్పుడు బుజ్జమ్మను రెండోసారి చంపినవాణ్ని నేను. నా వెనకటి పాటలన్నీ ఆ ఒక్క పాటతో పోతాయి. నన్ను బతికించడానికి నా పేరు తీసుకొని పోకు.

మీ అక్క చెప్పమన్నది కూడా రాస్తున్నాను. ఇంటికి తాళం వేసి కొన్నాళ్లు ఎక్కడికైనా పోయి దాగు. మాకు కూడా ఎక్కడో చెప్పకు. దాక్కోవడం నీకు చిన్నప్పటి నుంచి చేతనైన పనే కదా.

ఎల్లన్న


నాగర్‌కర్నూలు, బస్టాండు,
దసరా పోయిన వారం, పగటి పూట

బావకు మద్దిలేటి రాసేది.

నువ్వు ఈ ఊళ్లోనే ఉన్నావు, నేను ఈ ఊళ్లోనే ఉన్నాను, అయినా స్టాంపు అంటించి పంపుతున్నాను. జాన్ ఇంటి సందు మొదటిదాకా వచ్చాను. ఒక మోటార్‌సైకిల్ నా వెనకే వచ్చి, నేను ఆగితే ఆగింది. బీడీ కొంటున్నట్టు వేషం వేసి వెనక్కు తిరిగాను. నేను బీడీ తాగనని వాడికి తెలియదు కదా.

పాడాను బావా. ఆగు, చింపకు. మొత్తం చదువు.

తెల్ల వ్యాను. కిటికీలకు నల్ల గుడ్డలు. లోపల నేను, మైకు, శ్రీనాథ్. బయట మైదానం నిండా జనం. ఎల్లన్నకు జ్వరం, అయినా మీ మీద ప్రేమతో వచ్చాడు అని మైకులో చెబుతుంటే ఆడవాళ్లు అయ్యో అనడం వినబడింది. సారు రాసిన పాట చేతికిచ్చారు. సారుకు పాట కంటే దరఖాస్తులు బాగా వచ్చినట్టున్నాయి, "పై విషయమై మన్నించగలరు" అన్నట్టుంది. సరే, నీ గొంతు ఎత్తుకున్నాను. రాయి దేవుడిది అన్నాను. తప్పు పాడాను అన్నాను. దండం పెడుతున్నాను అన్నాను. ఎవరూ ఏడవలేదు, ఎవరూ తిట్టలేదు. చీర మీద మరక పడితే నేసినవాడు చూస్తాడే, అట్లా ఉంది ఆ చప్పుడు లేకపోవడం.

ముద్ర దగ్గరికి వచ్చి ఆగాను.

సారుకు ముద్ర సంగతి తెలియదు. కాగితంలో రాయలేదు. శ్రీనాథ్‌కు తెలియదు, పాట అయిపోయిందనుకొని మైకు తీసుకోబోయాడు. జనానికి తెలుసు కదా బావా. ఒకాయన, ముసలి గొంతు, బయటి నుంచి అడిగాడు. "ముద్ర ఏదయ్యా? ఎవని పాట ఇది?"

ఇంకో నలుగురు అన్నారు. "ముద్ర ఏది?"

శ్రీనాథ్ నా మొహం చూశాడు. అప్పుడు పాడాను. నీ గొంతు వదిలేసి, నా గొంతుతో.

*కన్నది దాచినాడు గద్వాల మద్దిలేటి*
*అబద్ధము పాడినాడు, విన్నోళ్లె సాచ్చెం*

నా గొంతు నేను ఇదే మొదటిసారి వినడం. బాగాలేదు. నూనె వేయని గిలక లాగుంది. ఇన్నేళ్లు నీ గొంతు, తహసిల్దారు గొంతు, కౌసల్యమ్మ గొంతు తెచ్చుకొని బతికింది ఇందుకే కాబోలు. కానీ ఇప్పుడు లెక్క సరిపోయింది. ఆ మన్నింపు పాట నాది, దాన్ని అబద్ధం అన్నది నేనే. బుజ్జమ్మ చరణం నీది. అది ఎవరూ నీ దగ్గర నుంచి తీసుకోలేరు.

జనం చప్పట్లు కొట్టలేదు. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. స్టేజీ మీద రాఘవేందర్ ఖాళీ అవుతున్న కుర్చీలను చూస్తూ నిలబడ్డాడు.

కొడతారనుకున్నాను. కొట్టలేదు. శ్రీనాథ్ వ్యాను తలుపు తెరిచి, చెయ్యి పట్టి దించాడు. "మంచిగ పాడినవన్నా. నడువు, గద్వాల దాక దించుతం."

"బస్సుల పోత."

"బస్సు ఎప్పుడొస్తదో ఏమో. ఉంటంలే, నువ్వు ఎక్కేదాక ఉంటం."

ఉన్నారు. ఎదురుగా హోటలు ముందర వ్యాను ఆగి ఉంది. ఇంజను ఆపలేదు. చాయ్ తాగుతున్నారు, నాకు కూడా ఒకటి పంపారు. తాగలేదు. చల్లారిపోయి పక్కన ఉంది.

అక్షరాలు వంకరపోయాయని ఏదేదో అనుకోకు, బల్ల కాలు పొట్టిది.

అదిగో బస్సు వస్తోంది. బోర్డు మీద దుమ్ము, గద్వాలదో కాదో కనబడటం లేదు. కవరు ఇక్కడి డబ్బాలో వేస్తున్నాను. ఇంటికి చేరగానే ఇంకొకటి రాస్తాను. రాయకపోతే కౌసల్యమ్మకు బూరెలు బాకీ ఉన్నానని గుర్తుపెట్టుకో.

మద్దిలేటి


గద్వాల,
కార్తీకం

మద్దిలేటికి.

నీ ఇంట్లో కూర్చొని నీకే రాస్తున్నాను. ఎక్కడికి పంపాలో తెలియక నీ చిరునామాయే రాశాను.

ఇంకొక ఉత్తరం రాస్తానన్నావు. రాలేదు. మీ అక్కను తీసుకొని పోలీస్ స్టేషనుకు పోయాను. కాగితం మీద అంతా రాసి ఇచ్చాను. కానిస్టేబులు నీ పేరు చదివి నవ్వాడు. "మద్దిలేటా? ఏడికి పోతడు సార్, ఏదో వేషం కట్టి వస్తడు. మొన్న మా ఎస్సై గొంతుతోని నన్నే డ్యూటీకి పిలిచిండు." గద్వాలలో ఎవరిని అడిగినా అదే నవ్వు. ఆ బస్సులో నువ్వు ఎక్కావని ఒకరు, ఎక్కలేదని ఒకరు. నాగర్‌కర్నూలులో అడిగితే బొంబాయి అన్నారు. నువ్వు ఎట్లాంటి మనిషివో అందరికీ బాగా తెలుసు కాబట్టి నీ కోసం ఎవరూ వెతకడం లేదు.

అందుకని నేను చేయాల్సింది చేశాను. పేపరుకు రాసి ఇచ్చాను. నాకు గొంతు లేదనీ, జూన్ నుంచి ఒక్క పాట కూడా నేను పాడలేదనీ, మీరు విన్నది మద్దిలేటి గొంతేననీ, ఆ మనిషి ఫలానా రోజు నుంచి కనబడటం లేదనీ, ఆ రోజు ఎవరి వ్యాను ఎదురుగా ఆగి ఉందనీ రాశాను. బుజ్జమ్మ చరణం నాదేనని కూడా రాశాను. జగదీశ్ వచ్చి ఫోను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఛానెల్ మూసేశాడట. తర్వాత నన్ను ఎవరూ పిలవలేదు. పిలవరు.

కానీ వెతకడం మొదలైంది. ఆత్మకూరు నుంచి, ధరూర్ నుంచి మనుషులు వచ్చారు. కాలువ వెంట నడిచారు, పాడుబడ్డ బావుల్లోకి తొంగి చూశారు. బతుకమ్మ ఆడిన ఆ ముసలామె కూడా వచ్చింది. కురుమూర్తి పెద్దబిడ్డ వాళ్ల నాయన ఫొటో పట్టుకొని నీ కోసం వెతికేవాళ్లతో కలిసి తిరుగుతోంది. ఇద్దరిలో ఒక్కరూ దొరకలేదు. జీపు ఇప్పుడు నీ ఇంటి సందు మొదట్లో ఆగుతోంది.

మీ అక్క నాతో మాట్లాడటం లేదు. నాకు గొంతు లేదు, ఆమెకు మాట లేదు. దాగమని రాసింది మేమే కదా. ఆ మాట మీదనే ఆమె ఇంకా నిలబడి ఉంది. "దాగినడు. చెప్పినట్టే దాగినడు" అని తనలో తాను అనుకుంటుంటే విన్నాను.

పొద్దున మీ ఇంటి తాళం తీశాం. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. గుంత మీద చాప కప్పి ఉంది.

ఇద్దరం చాలాసేపు ఆ చాప వైపు చూస్తూ నిలబడ్డాం. "తియ్యకు" అంది మీ అక్క.

తీశాను. పలకల మధ్య సాలెపురుగు గూడు కట్టింది. నీ పాత తువ్వాలు ఒకటి ఉంది. ఇంకేం లేదు.

గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. ఎన్నేళ్లయిందో కూర్చొని. నోరు తెరిచి నీ పేరు పిలవబోయాను, డాక్టరు వద్దన్నా సరే. గాలి వచ్చింది, పేరు రాలేదు. చేతులకు మాత్రం పని గుర్తుంది. పలక తొక్కాను, పోగు దాటించాను, మళ్లీ తొక్కాను.

గోడ అవతల గిన్నె కిందపడిన చప్పుడైంది. కౌసల్యమ్మ గోడ దాకా పరుగెత్తుకొని వచ్చింది. గోడ ఎత్తు ఆమెకు అందదు, నేను కనబడను.

"వచ్చినవారా మద్దిలేటీ? సచ్చినవనుకున్న గదరా."

మీ అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పలక తొక్కుతూనే ఉన్నాను. గోడ అవతల ఆమె అట్లాగే నిలబడి వింటోంది. ఆపితే ఆమెకు తెలిసిపోతుందని, పొద్దు గూకేదాకా ఆపలేదు.

ఎల్లన్న